ఎర్ర డబ్బా, పచ్చ డబ్బా

పలాస దాటింది. హరిపురం ఇంకా రాలేదు.
రాత్రి రెండున్నర.
డాష్‌బోర్డు మీద ఎర్రగా వెలిగింది
చిన్న కొమ్ముచెంబు బొమ్మ,
మూతికి ఒక చుక్క వేలాడుతూ.

అంత చిన్న చుక్కకి
ఎంత పెద్ద బండైనా ఆగాలి.

వెనక సీట్లో జలుమూరు మేళం.
దండాసి సన్నాయిని చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని నిద్రపోతున్నాడు.
డిక్కీలో డోలు.
ఇచ్ఛాపురంలో అయిదూ పదికి ముహూర్తం.
పంతులు ఆలస్యమైతే విసుక్కుంటారు,
మేళం ఆలస్యమైతే డబ్బులు కోస్తారు.

బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్ లాగి,
తువ్వాలుతో తుడిచి మళ్లీ ముంచి తీశాను.
రెండు గీతలుంటాయి దానికి.
పైగీత దాటకూడదు, కిందిగీత దిగకూడదు.
కిందిగీత దగ్గర తడి కూడా లేదు.

మా అయ్య లారీ మీద ముప్పయ్యేళ్లు.
ఎర్ర డబ్బా తప్ప ఇంకోటి పోసి ఎరగడు.
"రెండు కంపెనీలు కలిపితే
పాలల్లో చింతపండు పిసికినట్టేరా,
ఇరిగిపోయి ఇంజను పట్టీస్తాది" అనేవాడు.
సంబంధాల గురించి కూడా
ఇదే గొంతుతో చెప్పేవాడు.
ఆయన పోయాక ఒక ఖాళీ డబ్బా మూతి కోసి
మా ఆవిడ మేకలకి కుడితి కొలుస్తోంది.

రోడ్డు పక్కన పంక్చరు షాపు.
టైర్ల మీదే పడుకున్న కూర్మయ్య
లేచేలోపు మూడుసార్లు ఆవులించాడు.
ఉన్నది ఒక్కటే. పచ్చ డబ్బా.

"ఎర్రది లేదా?"

"పగలైతే కాసీబుగ్గ నుంచి తెప్పిద్దును.
ఇప్పుడు నానున్నాను, ఇదున్నాది."

సెల్‌ఫోను లైటేసి డబ్బా వెనక్కి తిప్పి
బడిగుంటడిలా వేలు పెట్టి చదివాడు:
"పదేను, నలబై. డీజిలుదే.
నీదీ ఇదే నంబరు గదా? మరేటి బావూ!
పేరు సూడకు, నంబరు సూడు.
కలిస్తే ఏటీ అవదు.
లేకపోతేనే అవుతాది."

నీళ్ల సీసా పీక కోసి గరాటు చేశాడు.
కొత్త నూనె దిగుతోంది,
బెల్లం పాకం లేతగా ఉన్నప్పటి రంగు.
లోపల ఉన్నది
మార్చిలో అయ్య తన చేత్తో పోసిన ఎర్ర డబ్బాదే,
కానీ ఏడు వేల కిలోమీటర్ల మసి తాగి
దానికిప్పుడు ఏ కంపెనీ పేరూ లేదు.
పాకం వెళ్లి ఆ నలుపులో పడింది.
చప్పుడు కాలేదు.
ఏదో చప్పుడవుతుందనుకున్నాను.

"మనుషులూ ఇంతే కదా కూర్మయ్యా" అన్నాను,
మేళం వాళ్లకి వినపడాలని కొంచెం గట్టిగానే.

గరాటు దులిపి నావంక చూశాడు.
"మనుసులకి ఎనకాల నంబరుండదు.
నూనిని నూనిలాగ సూడు.
నాలుగొందల ఇరవై ఇయ్యి."

చిల్లర వెతుకుతూ మళ్లీ అన్నాడు:
"ఇది దారి కోసం. అలవాటు సెయ్యకు.
ఇంటికెల్లినాక మొత్తం దింపీసి
ఫిల్టరు మార్చి, ఒకటే పోయించు."

అక్కణ్ణుంచి నా చెవి బానెట్ కిందే ఉంది.
కొర్లాం దగ్గర కాలిన వాసన.
ఎవరో పొయ్యిలో జీడిపిక్కల తొక్కు ఎగదోశారు.
కంచిలిలో టక్కుమంది, గుండె జారింది.
దండాసి ఒళ్లోంచి సన్నాయి కిందపడింది, అంతే.

అయిదూ అయిదుకి దిగారు.
సన్నాయి మొదటి కూత కూడా
నాకు ఇంజనులోంచే వచ్చినట్టు వినిపించింది.
డిప్‌స్టిక్ లాగాను.
రెండు గీతల మధ్య ఒకే నలుపు.
పందిరి లైటుకి ఎత్తి చూశాను,
వేళ్ల మధ్య రుద్ది చూశాను.
ఏది ఆయనది? ఏది దారిది?

ఆరు వారాలైంది. దింపించలేదు.
తీరిక లేదంటాను ఎవరైనా అడిగితే.
డిక్కీలో, డోలు పెట్టిన చోట,
పావు మిగిలిన పచ్చ డబ్బా,
సీలు విప్పని ఎర్ర డబ్బా.
గుంత వచ్చినప్పుడల్లా ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి.
ఏటా చప్పుడని అడుగుతారు వెనక కూర్చున్నవాళ్లు.

ఏటీ లేదంటాను.